ఐదు కాళ్ల జీరంగి

ఆ రోజుల్లో మా మానుకోటలో (కాగితాల మీద మహబూబాబాద్ అని రాసేవాళ్లు, నోటితో ఎవరూ అనేవాళ్లు కాదు) గులాబీ అంటే ఒక్కటే గులాబీ. అది తోటలో పూసేది కాదు, దిండు గలీబు మీద పూసేది. ఎవరో ఎప్పుడో పట్నం నుంచి తెచ్చిన ఒక డిజైన్ కాగితాన్ని కార్బన్ పెట్టి ఒకరి దగ్గర నుంచి ఒకరం దింపుకుంటూ పోయేవాళ్లం. దింపిన ప్రతిసారీ ఒక రేకు తగ్గేది, లేదా ఒక ముల్లు పెరిగేది. నా దాకా వచ్చేసరికి అది గులాబీయో గోబీపువ్వో పోల్చుకోవడం కష్టమయ్యేది. అయినా సరే, ఊళ్లో ప్రతి ఇంటి టేబుల్ క్లాత్ మీదా (టేబుల్ లేని ఇళ్లలో కూడా టేబుల్ క్లాత్ ఉండేది, ట్రంకు పెట్టె మీద పరచడానికి), రేడియో మీద కప్పే గుడ్డ మీదా అదే గులాబీ, దాని పక్కన ఎదురెదురుగా రెండు చిలకలు. నిజం చిలకలు పెరట్లో జామచెట్టెక్కి గోల గోల చేస్తుంటే, వాటివైపు ఒక్కసారైనా తలెత్తకుండా కాగితం చూసి చిలకను కుట్టిన ఘనులం మేము.

ఆ ఘనుల్లో నేను మరీ ఘనురాలిని. ఏ పనీ పూర్తి చేసేదాన్ని కాదు. మొదలుపెట్టేటప్పుడు మాత్రం నా ఉత్సాహం చూసినవాళ్లు నాలుగు రోజుల్లో ఇల్లంతా పూలతోట అయిపోతుందనుకునేవాళ్లు. రెండో చిలక ముక్కు దగ్గరికి వచ్చేసరికి నాకు క్రోషియా మీద మనసు పోయేది. క్రోషియా సగంలో ఉండగా పూసల సంచీ మీదికి మళ్లేది. మా ఇంట్లో తల లేని చిలకలు, ఒక రెక్క హంసలు, పిడి లేని సంచీలు ఎన్నుండేవో. మా బాపమ్మ (నాన్నమ్మ) నాకు ‘సగంపనమ్మ’ అని పేరు పెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా "మా సగంపనమ్మ జేసింది సూడున్రి" అని ఆ తల లేని చిలకను తీసి చూపించేది. చూపించి, వచ్చినవాళ్ల కన్నా ముందు తనే నవ్వేది.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. రోడ్ల మీద జై తెలంగాణ నినాదాలు, రోజు విడిచి రోజు బంద్. పెద్దవాళ్లంతా ఏమవుతుందోనని గుబులుగా ఉంటే, లెక్కల పరీక్ష రద్దయినందుకు నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. నా సంబరం ఎంతోకాలం నిలవలేదు. బడితో పాటు మా బాపు కిరాణా దుకాణం కూడా మూతపడేది. దుకాణం లేని రోజు బాపు ఇంట్లో కూర్చుని కనబడ్డవాళ్లకల్లా పని చెప్పేవాడు. ఆయన కంట పడకుండా ఉండాలంటే నాకు ఒకటే దారి, ఎదురింటి ఖాలమ్మ దగ్గర కుట్టుపని నేర్చుకోవడం.

ఖాలమ్మ చేతి జరీపని జనగామ దాకా పేరున్న పని. ఆమె కూతురు నా ఈడుదే, నా ప్రాణ స్నేహితురాలు. తళుకు కనబడితే చాలు, అగరొత్తుల డబ్బా మీది కాగితమైనా చించి దాచుకునేది కాబట్టి అందరం దాన్ని చమ్కీ అనేవాళ్లం. ఆ వానాకాలంలోనే చమ్కీ నిఖా. పెళ్లికొడుకు డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి. వాళ్లు పెళ్లికూతురికి ఎర్రటి పట్టు దుపట్టా పంపించి, దాని మీద పని మాత్రం ఖాలమ్మ చేతిదే కావాలని కోరారు. పెళ్లికొడుకు తల్లి గట్టి మనిషని, నిఖా రోజున దుపట్టా చూశాకే పెళ్లికూతుర్ని చూస్తుందని కబురు. ఖాలమ్మ అంచు చుట్టూ జరీ అద్భుతంగా కుట్టింది. నడుమ పచ్చపూసలతో బుటీలు రావాలి. ఆ పూసలు పట్నం నుంచి రావాలి. పట్నంలో దుకాణాలు బంద్, దారిలో రైళ్లు బంద్. ఖాలమ్మ తమ్ముడు జనగామ దాకా పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ సాయంత్రం ఖాలమ్మ ఆ దుపట్టాను ఒళ్లో పెట్టుకుని, దీపం పెట్టడం కూడా మరిచి కూర్చుంది.

"పరేషాన్ గాకు ఖాలమ్మా. బుటీలు నేను కుడుత" అన్నాను. (ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. నా నోటికి ఆ అలవాటు ఉంది.)

ఖాలమ్మ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. ఆమెకు నా తల లేని చిలక సంగతి తెలుసు. కానీ ఆమె కళ్లు అప్పటికే జరీతో అలసిపోయాయి, పెళ్లిపిల్ల తన దుపట్టా మీద తానే సూది పెట్టకూడదని వాళ్లింట్లో పట్టింపు. ఇక మిగిలింది నేనే. "కుడుతవ్ గని, దేంతోని కుడుతవ్ బేటీ? పూసలేవి?" అంది. మళ్లీ తనే అంది. "మా అమ్మ జమానాల పట్నం పూసలు యాడున్నయ్? బైటికి సూడున్రి. ఆ అల్లా బైట పెట్టినన్ని రంగులు ఏ దుకాణంల ఉన్నయ్?"

ఆ మాట నా తలకెక్కింది. ఎక్కడం అంటే మామూలుగా కాదు. మర్నాటి నుంచి నాకు చెట్టూ పుట్టా అన్నీ పూసలుగానే కనబడ్డాయి. మొదట గురిగింజలు తెచ్చాను. ఎరుపూ నలుపూ, ఎంత ముద్దుగా ఉంటాయి! వాటికి తూటు పొడవబోతే ఖాలమ్మ సూదులు వరసగా విరిగాయి, అవి విషమని బాపమ్మ నా చేతులు బూడిదతో తోమించింది. తర్వాత కుంకుడు గింజలు. వాటిని ఒక పాత ఓణీకి కుట్టి, చమ్కీ నెత్తిన కప్పి చూశాం. ఆ బరువుకి దాని తల కిందికి వంగింది, మళ్లీ లేవలేదు. "పెండ్లిపిల్ల తల గట్లనే వంచుకోని ఉండాలె, మంచిగనే ఉన్నది" అన్నాను నేను. "పెండ్లయినంక గూడ లేవదే గిది!" అని కింది నుంచి చమ్కీ అరిచింది. ఇద్దరం నవ్వీ నవ్వీ చాప మీద దొర్లాం. గింజలన్నీ ఊడి ఇల్లంతా పరుచుకుంటే, వాటి మీద కాలు వేసిన ఖాలమ్మ తమ్ముడు వాకిలి దాకా జారుకుంటూ పోయాడు.

అప్పుడు ఖాలమ్మ తన పెట్టె అడుగు నుంచి ఒక గుడ్డముక్క తీసింది. వాళ్ల అమ్మ దుపట్టాలో మిగిలిన ముక్కట. దాని మీద పచ్చగా, నిగనిగా మెరుస్తూ ఏవో కుట్టి ఉన్నాయి. ఇటు తిప్పితే ఆకుపచ్చ, అటు తిప్పితే రాగిరంగు. నేను నోరు తెరిచాను. అవి జీరంగి రెక్కలు. జీరంగి అంటే మా వైపు పిల్లలకు చెప్పక్కర్లేదు. తొలి వానలు పడగానే తుమ్మచెట్ల మీద వాలే బంగారు పురుగు. మెడకు దారం కట్టి వదిలితే జుయ్యిమంటూ గుండ్రంగా తిరుగుతుంది. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచుకోని పిల్ల మా ఊళ్లో లేదు. అన్నేళ్లు దానితో ఆడుకుని, దాని వీపును ఒక్కనాడూ సరిగ్గా చూడలేదని నాకు అప్పుడు తెలిసింది. "వానలు పోయేటప్పుడు సచ్చిపోయి చెట్ల కింద రాల్తయ్. అప్పుడు రెక్కలు ఏరుకుంటుండె మా అమ్మ" అంది ఖాలమ్మ. వానలు పోయేదాకా నిఖా ఆగదు కదా. నేనూ చమ్కీ ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలన్నీ ఖాళీ చేసి బయల్దేరాం.

రైలు పట్టాల పక్కన తుమ్మచెట్లు బారుగా ఉండేవి. రైళ్లు లేవు కాబట్టి పట్టాల మీదే దర్జాగా నడిచాం. పెళ్లి కుదిరిందని చమ్కీకి కొత్త బురఖా వేయించారు, ఆ బురఖానే నడుముకి చుట్టుకుని అది చెట్టెక్కింది. ముళ్లు గీరుకుంటున్నా లెక్కచేయలేదు. అగ్గిపెట్టెలన్నీ నిండాయి, కొంగుల్లో మూటగట్టుకుని వస్తుంటే స్టేషను దగ్గర ఒక పోలీసాయన ఆపాడు. గొడవల బందోబస్తు కోసం కోస్తా వైపు నుంచి వచ్చిన పటాలం మనిషి. "ఏంటమ్మాయ్ అవి? ఇన్ని అగ్గిపెట్టెలెందుకు? ఏం తగలబెట్టడానికి వెళ్తున్నారు?" అన్నాడు. ఆ రోజుల్లో కొంగు నిండా అగ్గిపెట్టెలతో స్టేషను ముందు తిరిగితే ఎవరైనా అలాగే అడుగుతారని మాకు తట్టనే లేదు. నేను చమ్కీ వెనక్కి నక్కాను. చమ్కీ మాత్రం "జీరంగులు సార్" అంది. "జీరంగులేంటి, మందుగుండా?" అని ఆయన ఒక పెట్టె లాగి, చెయ్యి దూరంగా చాపి, మొహం పక్కకి తిప్పుకుని తెరిచాడు. అందులోంచి జీరంగి జుయ్యిన లేచి ఆయన మీసాన్ని రాసుకుంటూ పోయింది. ఆయన టోపీ ఒక వైపు, లాఠీ ఒక వైపు. మేము పారిపోదామనుకునేలోపు ఆయనే పగలబడి నవ్వాడు. ఇంకో పెట్టె తెరిపించి, ఎండలో ఆ వీపు మెరవడం చాలాసేపు చూశాడు. "మా పిల్లదానికి చూపిస్తే గంతులేస్తుంది" అన్నాడు. చమ్కీ ఒక పెట్టె ఆయనకిచ్చి, రోజూ తుమ్మాకు వేయాలని గట్టిగా చెప్పింది.

ఇంతవరకూ బాగానే ఉంది. జీరంగులు వచ్చాయి. రెక్కలు ఎట్లా వస్తాయి? ఈ ప్రశ్న మేము ముందు వేసుకోలేదు. మాది చీమను తొక్కినా లెంపలు వేసుకునే కోమటి ఇల్లు. చమ్కీ నా వైపు చూసింది, నేను చమ్కీ వైపు చూశాను, ఇద్దరం ఖాలమ్మ వైపు చూశాం. వారం వారం కోడిని కోసే ఖాలమ్మ కూడా రెండడుగులు వెనక్కి వేసింది. "కోడి అంటే కూరకు. గిదేం పాపం జేసింది నాకు?" అంది. ఇక చేసేదేముంది, వాటంతట అవే చచ్చిపోయేదాకా ఆగుదామని తీర్మానించాం. బాపు దుకాణంలో ఖాళీ బిస్కట్ల డబ్బా అడిగి, మూతకి తూట్లు పొడిచి, అందులో కాపురం పెట్టించాం. అవి చావాలని ఎదురుచూస్తూ పొద్దునా సాయంత్రం లేత తుమ్మాకు మేపాం. అవి పచ్చగా బలిసాయి. గుడ్లు కూడా పెట్టాయి. "సావాలంటివి, పెట్టి పెంచుతుంటివి. ఇగ గవి ఎందుకు సస్తయే పిచ్చిదానా?" అని బాపమ్మ రోజూ అడిగేది. ఎదురింటి కిటికీలోంచి ఖాలమ్మ "ఏమైంది బేటీ?" అని కేకేసేది. "అందరు మంచిగున్నరు ఖాలమ్మా" అని నేను జవాబిచ్చేదాన్ని.

ఒక రోజు ఒకటి నిజంగానే చనిపోయింది. ఖాలమ్మ మొహం వెలిగింది. మేమిద్దరం మాత్రం ఏడుపు మొదలుపెట్టాం. దాన్ని కాల్చాలని నేను, పూడ్చాలని చమ్కీ కాసేపు వాదించుకున్నాం. చివరికి అగ్గిపెట్టెలోనే పడుకోబెట్టి మల్లెపాదులో పూడ్చాం, రెక్కలతో సహా. ఖాలమ్మ తల పట్టుకుని "దీవానీ పోరిలు" అంది. నిఖా దగ్గరపడింది, దుపట్టా నడుమ ఇంకా బోడిగానే ఉంది.

రోజూ ఆ డబ్బా ముందు కూర్చోవడం వల్ల నాకు తెలియకుండానే ఒకటి జరిగింది. జీరంగి నాకు కంఠతా వచ్చేసింది. దాని మెడ దగ్గర సన్నటి గుంటలు, వీపు మీద నడిమి గీత, అది ఆకు కొరికేటప్పుడు కాళ్లు మడిచే తీరు, అన్నీ. ఒక మధ్యాహ్నం ఎండలో చూస్తుంటే ఆ మెరుపు గుట్టు కూడా చిక్కింది. అది ఒక రంగు కాదు. పచ్చ కింద పసుపు, దాని కింద ఏదో ఎరుపు. మా అమ్మ దగ్గర చిరిగిపోయిన పాత పట్టుచీర ఒకటుంది, పచ్చ అంచుది. అడిగితే "తీస్కపో, ఎట్లయిన అది సగం పోయిందే" అంది. అంచులోంచి పచ్చ పోగులూ పసుపు పోగులూ లాగి, రెండూ కలిపి పురిపెట్టి, సూదికెక్కించాను. కాగితం లేదు, కార్బన్ లేదు. దుపట్టా మీద పెన్సిలుతో నేనే గీసుకుని మొదటి జీరంగిని కుట్టాను. పూసలు లేని చోట దారమే పూసలా ఉబ్బింది, ఇటు తిప్పితే పచ్చ, అటు తిప్పితే బంగారం. నా చేతులు నావేనా అని చూసుకున్నాను. ఖాలమ్మ దాన్ని తిప్పి వెనకవైపు కుట్టు చూసింది, మళ్లీ ముందుకు తిప్పింది. "ఆరు కాళ్లు పెట్టినవ్ బిడ్డా, ఇగ గిది లేచి పోతది సూడు" అంది. జీవితంలో నన్ను అంతకన్నా ఎవరూ మెచ్చుకోలేదు. ఆ పూట నేను అన్నం కూడా నిలబడే తిన్నాను, మళ్లీ పరుగెత్తడానికి.

నిఖా రోజు పొద్దునకి అన్నీ అయిపోయాయి, ఒక్క మూల తప్ప. (అన్నీ పూర్తయితే నేనెందుకవుతాను?) ఆ మూల చివరి జీరంగి పెన్సిలు గీతగానే ఉంది. రంగు సరిచూసుకుందామని జీరంగుల డబ్బా తెచ్చుకుని, ఆడవాళ్ల గదిలో మంచం మీద దుపట్టా పరిచి, కిటికీ దగ్గర మూత తీశాను. అదే సమయానికి ఎవరో "డోర్నకల్ వాళ్లు వచ్చిన్రూ!" అని కేకేశారు. నేను ఉలిక్కిపడి లేచాను, డబ్బా బోర్లాపడింది, జీరంగులన్నీ దుపట్టా మీదికి చేరాయి. చేరి, వాటి అలవాటు ప్రకారం కదలకుండా కూర్చున్నాయి. ఏది కుట్టిందో ఏది పుట్టిందో నాకే తెలియలేదు. ఏరుకునే వ్యవధి లేదు, వియ్యపురాలు గుమ్మంలోకి వచ్చేసింది.

నిండైన మనిషి, ముక్కు మీద కళ్లజోడు, మొహంలో నవ్వు ఆనవాలే లేదు. తిన్నగా మంచం దగ్గరికి వచ్చి వంగింది. "మాషా అల్లా" అంది. ఖాలమ్మ ఊపిరి వదిలింది. "అసల్ జీరంగుల్లెక్కనే ఉన్నయ్. గిదైతే ఎంత ఉబ్బెత్తుగ కుట్టిన్రు! ఏం పెట్టిన్రు లోపల, దూదా?" అని ఒకదాని మీద వేలు పెట్టింది.

"దూదే అమ్మా" అన్నాను నేను.

దూది నడవడం మొదలుపెట్టింది. ఆమె వేలు ఎక్కి, గాజులు దాటి, జుయ్యిమని లేచింది. దాని వెనకే మిగతావన్నీ లేచాయి. గది నిండా కేకలు, ఒకరి మీద ఒకరు, ఎవరి షర్బతో ఎవరి ఒళ్లోనో. ఖాలమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. నా వల్ల చమ్కీ పెళ్లి చెడిపోయిందనే అనుకున్నాను. వియ్యపురాలు మాత్రం కదల్లేదు. ఆమె కళ్లజోడు మీదే వచ్చి వాలింది ఒక జీరంగి. అందరూ బిగుసుకుపోయారు. ఆమె మెల్లగా చెయ్యెత్తి, దాని మెడను రెండు వేళ్లతో ఒడుపుగా పట్టుకుంది. అలా పట్టడం చిన్నప్పుడు పట్టినవాళ్లకే వస్తుంది. దాన్ని వెలుగులోకి తిప్పి చూసి, గదంతా ఒకసారి కలియజూసి అంది: "సూస్తరేంది? జర దారం తేండ్రి!"

ఖాలమ్మ అంచు కుట్టగా మిగిలిన జరీపోగు మంచం మీద ఉంటే అదే ఇచ్చాను. ఆమె ముడి వేసింది, పోగు వదిలింది. జీరంగి బంగారు దారంతో గది నడుమ గుండ్రంగా తిరుగుతుంటే, ఆ పెద్దమనిషి చెయ్యి పైకెత్తి తనూ దానితో పాటు తిరిగింది. ముందు నవ్వింది గోడవారన ముసుగులో కూర్చున్న చమ్కీ. పెళ్లికూతురు నవ్వకూడదని ఎవరో గిల్లితే ఇంకా నవ్వింది. ఆ తర్వాత అందరం. సరిగ్గా అప్పుడే పరదా అవతల నుంచి ఖాజీ గారు పెళ్లికూతురి మాట అడిగారు. ఖుబూల్ అన్న మాట రావలసిన చోట కిసకిసలు వచ్చాయి. ఆయన మళ్లీ అడిగారు, మళ్లీ కిసకిసలు. చివరికి చమ్కీ నవ్వులోనే ఖుబూల్ అంది. నిఖాలో అంత సంతోషంగా ఒప్పుకున్న పిల్లను తను చూడలేదని ఖాజీ గారు తర్వాత బాపుతో అన్నారట.

హడావుడి తగ్గాక వియ్యపురాలి కన్ను ఆ మూల మీద పడింది. "గీడేంది, గీత ఒక్కటే ఉన్నది?" అంది. "అది కాలేదమ్మా" అని నేను నేల చూశాను. బాపమ్మ వెనక నుంచి "మా సగంపనమ్మ" అని మొదలుపెట్టబోతుంటే, ఆమె అడ్డుకుంది. "కాలేదనకు బిడ్డా. గీడున్నదే గిప్పుడు ఎగిరింది" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. సాయంత్రం చమ్కీని డోర్నకల్ బండి ఎక్కించి (ఆ రోజు ఒక్క బండి నడిచింది), తిరిగొస్తూ మిగిలిన జీరంగుల్ని తుమ్మచెట్ల మీద వదిలేశాను. చేతిలో డబ్బా తేలికయింది, నాకు మాత్రం ఏమీ తేలిగ్గా లేదు.

ఎనభైలు ముగిసేనాటికి నేను భూపాలపల్లి దగ్గర ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే ఉద్యోగంలో ఉన్నాను. (అవును, నేనే. నవ్వకండి.) డిజైన్ అడిగిన పిల్లల్ని బయటికి తరిమేదాన్ని, చూసి రండని. అప్పుడు చమ్కీ కూతురి నిఖాకని డోర్నకల్ పోతే, పెట్టెలోంచి అదే దుపట్టా తీసింది. ఎరుపు కాస్త మాసింది గానీ జీరంగులు ఏమీ మాసిపోలేదు. మూల పెన్సిలు గీత ఇంకా అలాగే ఉంది. నేను కళ్లజోడు సవరించుకుని సూదీ దారం అడిగాను. "వద్దే, ఉండనీయి. ఇన్నేండ్లు దాన్ని చూసుకుంటనే నవ్వుకున్నం" అంది చమ్కీ. నేను వినలేదు. ఈసారి పూర్తి చేసి తీరతానని పంతం పట్టి కూర్చున్నాను. తల కుట్టాను, వీపు కుట్టాను, పచ్చ కింద పసుపు కలిపాను, కాళ్లు మొదలుపెట్టాను. ఇంతలో చమ్కీ వంటింట్లోంచి "నీ కోసం అలాయిదా గిన్నెల బగారన్నం జేసిన, సల్లారిపోతది రాయే!" అని కేకేసింది. అది నన్ను అలా కేకేసి పిలిచి ఎన్నేళ్లయిందో, లేచి పరుగెత్తాను.

తిరుగు బండి కదిలాక గుర్తొచ్చింది, ఆరో కాలు కుట్టలేదని. రైలుపెట్టెలో ఒక్కదాన్నే పైకి నవ్వేశాను, ఎదురుగా కూర్చున్నావిడ తన పిల్లను దగ్గరికి లాక్కుంది. మా బాపమ్మ ఉంటే ఎంత సంబరపడేదో. కానీ ఆరు కాళ్లు పెడితే లేచి పోతుందని ఖాలమ్మ అనే అంది కదా. నా చేతి జీరంగి ఐదు కాళ్లతో చమ్కీ ఇంట్లో ఇప్పటికీ ఉంది, ఎక్కడికీ పోలేదు.